కర్టెన్లకు, దుప్పట్లకు చేతి అచ్చు మంచిదా, మెషీన్ ప్రింటా?

మీ ప్రశ్న ఇది: శ్రీకాకుళంలో కొత్త ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశంలోపు కర్టెన్లు, దుప్పట్లు, దివాన్ కవర్లు, దిండు గలీబులు తీసుకోవాలి. షాపులో చేతి అచ్చు కలంకారీ చూపించారు, చూడ్డానికి అలాంటిదే ఆన్‌లైన్‌లో సగం ధరకు దొరుకుతోంది. హాల్లో పడమర వైపు రెండు పెద్ద కిటికీలు, ఇంట్లో చిన్నపిల్లలు. ఏది కొనాలి, చేతి పనేనని ఎలా తెలుస్తుంది, వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. రోజూ పడుకునే దుప్పట్లకు, గలీబులకు, పిల్లల గదికి మెషీన్ ప్రింటు కాటన్ తీసుకోండి, అయితే అది రియాక్టివ్ ప్రింటు, అంటే రంగు నూలుతో కలిసిపోయే రకం అయి ఉండాలి. పడమటి కిటికీలకు సహజ రంగుల అచ్చు బట్ట వద్దే వద్దు. దివాన్ మీద పరిచేదానికి, కుషన్ కవర్లకు, హాలుకూ భోజనాల గదికీ మధ్య వేసే తెరకు, చుట్టాలొచ్చినప్పుడు పరిచే మంచి దుప్పటికి చేతి అచ్చు తీసుకోండి. ఆ డబ్బు అక్కడ పెట్టినందుకు మీరెప్పుడూ బాధపడరు.

విజయనగరంలో కర్టెన్లు, పరుపు బట్టలు కుట్టే షాపు నాది. అంతకుముందు కొన్నేళ్లు సూరత్‌లో ఒక ప్రింటింగ్ మిల్లులో పనిచేశాను. ఇప్పుడు మచిలీపట్నం దగ్గరి పెడన నుంచి అచ్చు బట్ట, బయటి మిల్లుల నుంచి మెషీన్ బట్ట రెండూ తెప్పించి అమ్ముతున్నాను. అందుకే ఒకటి గొప్పది, ఇంకొకటి చవకబారుది అనే మాట నేను ఒప్పుకోను. చేత్తో వేసిందా, మెషీన్‌తో వేసిందా అన్నది మీరు అడగాల్సిన రెండో ప్రశ్న. మొదటిది, ఏ రంగు వాడారు, దాన్ని బట్టకు ఎలా పట్టించారు అనేది. ఉతుకులో నిలిచేదీ, ఎండకు పోయేదీ దాన్నిబట్టే.

ఇళ్లలోకి వచ్చే కాటన్ ప్రింట్లలో ప్రధానంగా మూడు రకాల రంగులుంటాయి. మొదటిది పిగ్మెంట్. ఇది నూలులోకి దిగదు. బైండర్ అనే జిగురులాంటి పదార్థంతో బట్ట పైన అంటుకుని ఉంటుంది. దాన్ని 150 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు వేడిలో పండించాలి. అలా చేస్తే బాగానే నిలుస్తుంది. చిన్న యూనిట్లలో చాలాచోట్ల ఆ పని చేయకుండా ఎండలో ఆరబెట్టి మడత పెట్టేస్తారు. అలాంటి బట్ట పువ్వు బొమ్మ మీద చెయ్యి పెడితే బిరుసుగా తగులుతుంది, ఉతికిన కొద్దీ రుద్దుకున్నచోటల్లా తెల్లబడుతుంది.

రెండోది రియాక్టివ్. 1956లో మార్కెట్లోకి వచ్చిన ఈ రంగులు నూలుతో రసాయనికంగా కలిసిపోతాయి. ప్రింటు వేశాక ఆవిరి పెట్టాలి, తర్వాత బాగా ఉతకాలి. ఈ ఉతుకు దగ్గరే అసలు కథంతా ఉంది. వేసిన రంగులో కొంత భాగం నూలుకు పట్టకుండా ఊరికే బట్టలో మిగిలిపోతుంది. చల్లనీళ్లలో, మరిగే సబ్బునీళ్లలో మార్చి మార్చి కడిగితేనే అది పోతుంది. మేం పనిచేసిన చోట ఆర్డర్లు ఒత్తిడిగా ఉన్నప్పుడు కోత పడేది ఈ కడుగుడుకే, ఎందుకంటే నీళ్లకూ ఆవిరికీ ఖర్చు ఎక్కువ, కడిగినా కడగకపోయినా బట్ట పైకి ఒకేలా కనిపిస్తుంది. ఆ మిగిలిన రంగే మీ ఇంట్లో మొదటి ఉతుకులో తెల్ల చొక్కాకు అంటుతుంది. రియాక్టివ్ అనగానే సరిపోదు, సరిగ్గా కడిగిన రియాక్టివ్ కావాలి.

మూడోది సహజ రంగులు. కరక్కాయ, పటిక, మంజిష్ఠ, దానిమ్మ తొక్క, నీలిమందు, ఇనుప నలుపు. వీటి గురించి తర్వాత వివరంగా చెబుతాను.

ఇందులో ఒక విషయం గమనించండి. పిగ్మెంట్‌ను చెక్క అచ్చుతోనూ వేస్తారు, మెషీన్‌తోనూ వేస్తారు. రియాక్టివ్ కూడా అంతే. పండించని పిగ్మెంట్‌తో వేసిన చేతి అచ్చు దుప్పటి కన్నా, మంచి మిల్లులో కడిగిన మెషీన్ దుప్పటి ఎన్నో రెట్లు మేలు. చేతి పని అన్న ఒక్క మాటకే ఎక్కువ డబ్బు ఇవ్వకండి.

ఇక చేతి అచ్చును గుర్తుపట్టడం. ఇది నా షాపుకొచ్చే ప్రతి పదిమందిలో సగంమంది అడిగేదే.

అమ్మేవాళ్లు ‘హ్యాండ్ ప్రింట్’ అంటే వెంటనే ‘అచ్చా, స్క్రీనా?’ అని అడగండి. బల్ల మీద బట్ట పరిచి, ఇద్దరు మనుషులు సన్నని జల్లెడలాంటి గుడ్డ బిగించిన చట్రం పట్టుకుని రంగు లాగే స్క్రీన్ ప్రింటు కూడా చేతి పనే. ఆ మాట అబద్ధం కాదు. కానీ దానికి పట్టే సమయం వేరు, ధర వేరు. కలంకారీ పేరుతో మన దగ్గర దొరికే చవక బట్టలో చాలా భాగం స్క్రీనే. పెడనలో కూడా అచ్చు పక్కనే స్క్రీన్ పని జరుగుతోంది. శ్రీకాళహస్తి కలంకారీ అంటే కలంతో గీసేది, మచిలీపట్నం, పెడన వైపుది చెక్క అచ్చుతో అద్దేది. రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. ఇంటి బట్టల విషయంలో మనం మాట్లాడుకునేది ఎక్కువగా రెండోదాని గురించే.

బట్టను కనీసం రెండు మీటర్ల పొడవున విప్పించండి. చిన్న ముక్క చూసి ఎవరూ చెప్పలేరు. చెక్క అచ్చు ఒక చేత్తో పట్టి ఎత్తే సైజులో ఉంటుంది, మామూలుగా ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. అంటే ప్రతి జానెడుకూ ఒక అతుకు ఉండాలి. ఆ అతుకు దగ్గర చూడండి. తీగ ఒకచోట పక్క తీగ మీదికి కొద్దిగా ఎక్కుతుంది, ఇంకోచోట సన్నటి ఖాళీ మిగులుతుంది. అచ్చు రంగు పెట్టెలో ముంచాక పడిన మొదటి ముద్ర ముదురుగా, కొట్టిన దెబ్బ తేలికైనచోట లేతగా ఉంటుంది. ఎరుపు వేసిన అచ్చు, నలుపు గీత వేసిన అచ్చు వేరువేరు కాబట్టి పువ్వు రేకులోంచి ఎరుపు గీత దాటి వెంట్రుకంత బయటికి వస్తుంది. ఒక పువ్వులో కుడివైపు దాటితే పక్క పువ్వులో కిందికి దాటుతుంది.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఇప్పటి మెషీన్ డిజైనర్లు నిజమైన అచ్చు బట్టను స్కాన్ చేసి, ఆ తప్పులతో సహా ప్రింటు చేస్తున్నారు. గీత దాటిన ఎరుపు, అతుకు దగ్గర ఖాళీ, అన్నీ ఉంటాయి. అందుకే తప్పు ఉందా అని చూడొద్దు, అదే తప్పు మళ్లీ ఎక్కడ వస్తుందో టేపు పెట్టి కొలవండి. రోటరీ మెషీన్‌లో ఒక్కో రంగుకు ఒక్కో గొట్టంలాంటి నికెల్ స్క్రీన్ ఉంటుంది. ఎక్కువ మిల్లుల్లో దాని చుట్టుకొలత 64 సెంటీమీటర్లు, అంటే పాతిక అంగుళాలు. ఆ స్క్రీన్‌లో ఒక రంధ్రం పూడితే ఆ మచ్చ బట్ట తాను మొత్తం పొడవునా పాతిక అంగుళాలకోసారి, అదే వరుసలో, అదే సైజులో వస్తూనే ఉంటుంది. చెక్క అచ్చు కూడా అంచు విరిగితే అదే లోపాన్ని మళ్లీ మళ్లీ వేస్తుంది, కానీ దూరం ఒకసారి ఆరున్నర, ఒకసారి ఆరూ ముప్పాతిక అంగుళాలు అవుతుంది, వాలు కూడా మారుతుంది. మనిషి చెయ్యి రెండుసార్లు అచ్చంగా ఒకే చోట పడదు.

అంచు కూడా చూడండి. అంచు మీద వరుసగా చిన్న చిన్న రంగు చుక్కలో గళ్లో ఉంటే అది మిల్లు ప్రింటు. అంచున సూది రంధ్రాలు కనిపిస్తే మెషీన్ అని కొందరు చెబుతారు, అది నమ్మకండి. మిల్లులో సాపు చేసిన తెల్ల బట్ట తెచ్చి దాని మీద అచ్చు వేసినా ఆ రంధ్రాలు ఉంటాయి. వెనక వైపు రంగు దిగితేనే చేతిది అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. పలచటి కాటన్ మీద రియాక్టివ్ మెషీన్ ప్రింటు కూడా వెనక్కి దిగుతుంది.

హ్యాండ్‌లూమ్ మార్క్ చూసి చేతి అచ్చు అనుకోవడం ఇంకో పొరపాటు. ఆ గుర్తు బట్ట చేమగ్గం మీద నేసిందని మాత్రమే చెబుతుంది. మీద ప్రింటు ఎలా వేశారో దానికి సంబంధం లేదు.

ఇక చేతి అచ్చు ఎందుకంత ఖరీదు అన్నారు. సహజ రంగుల పని ఒకసారి దగ్గర నుంచి చూస్తే ఈ ప్రశ్న రాదు. ముందు బట్టలోని గంజి పోయేలా ఉతుకుతారు. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలల్లోని కొవ్వు రంగు పక్కకు పాకకుండా ఆపుతుంది. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన ద్రావణంతో గీతల అచ్చు వేస్తే, కరక్కాయలోని వగరు తగిలి అది నల్లబడుతుంది. ఎరుపు రావాల్సినచోట వేసేది ఎరుపు కాదు, పటిక. అద్దినప్పుడు అక్కడ రంగంటూ పెద్దగా ఏమీ ఉండదు. ఆరాక, పారే నీళ్లలో జాడించి, మంజిష్ఠ వేసిన రాగి డేగిశాలో ఉడకబెడితే అప్పుడు పటిక పడినచోట మాత్రమే ఎరుపు లేస్తుంది. మిగతా బట్ట తెల్లబడడానికి మళ్లీ తడిపి ఎండలో పరుస్తారు. ఆకుపచ్చ కావాలంటే నీలం మీద పసుపు. ప్రతి రంగుకూ మధ్యలో ఉతుకు, ఎండ. వాన పడితే పని ఆగుతుంది.

అదే రోటరీ మెషీన్ అయితే ఎనిమిది పది రంగులు ఒకేసారి వేస్తూ నిమిషానికి పదుల మీటర్లు లాగేస్తుంది. కానీ ఒక డిజైన్‌కు అన్ని స్క్రీన్లు చేయించడానికి ఖర్చవుతుంది కాబట్టి వేల మీటర్లు వేస్తేనే గిట్టుబాటు. ఇప్పుడు వచ్చిన డిజిటల్ ప్రింటుకు స్క్రీన్లే అక్కర్లేదు, ఇంకు చిమ్ముతూ పోతుంది, పది మీటర్లయినా వేస్తారు. మీరు ఆన్‌లైన్‌లో చూసిన కలంకారీ డిజైన్ ఈ రెండింట్లో ఒకటై ఉంటుంది.

మన అచ్చును మెషీన్ కాపీ కొట్టడం ఇవాల్టిది కాదు. కోరమాండల్ తీరం, అంటే మన తూర్పు తీరం నుంచి ఓడల్లో వెళ్లిన బట్టలకు గిరాకీ తట్టుకోలేక ఇంగ్లండ్ 1700లో, మళ్లీ 1721లో చట్టాలు చేసి అడ్డుకుంది. 1783లో థామస్ బెల్ అనే అతను రోలర్ ప్రింటింగ్‌కు పేటెంట్ తీసుకున్నాక ఆ డిజైన్లే అక్కడ మెషీన్ల మీద తయారయ్యాయి. అయినా పెడనలో చెక్క అచ్చు శబ్దం ఇప్పటికీ వినబడుతోంది. అందుకే నిజమైన అచ్చుకు అడిగిన ధర ఇవ్వడానికి నాకు మనసు ఒప్పుతుంది, అచ్చు పేరు పెట్టి స్క్రీన్ అమ్మితే మాత్రం ఒళ్లు మండుతుంది. ఒకే రకం కాటన్ మీద నిజమైన అచ్చుకు మెషీన్ ప్రింటు కన్నా ఒకటిన్నర రెట్ల నుంచి రెట్టింపు వరకు, సహజ రంగులైతే ఇంకా పైన పడుతుంది. దానికి బాగా తక్కువ చెబితే అనుమానించండి.

మీ పడమటి కిటికీల సంగతికొస్తే, మన జిల్లాల్లో మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం మూడు తర్వాత వచ్చే ఎండ మామూలుది కాదు. నెల్లిమర్లలో ఒక ఇంటివాళ్లు నా మాట వినకుండా సహజ రంగుల కర్టెన్లు పడమటి వైపు వేయించారు. ఒక్క వేసవి గడిచేసరికి తీగల మీది ఆకులన్నీ నీలంగా మారిపోయాయి. బట్టకు వచ్చిన రోగమేమీ కాదు. ఆకుపచ్చలో ఉన్న పసుపు ఎండకు పోయింది, కింద ఉన్న నీలం మిగిలింది. అదే కర్టెన్‌లో మంజిష్ఠ ఎరుపు, ఇనుప నలుపు చక్కగా నిలిచాయి. వాటిని విప్పి, ఎండ తగలని లోపలి గుమ్మానికి మార్చి కుట్టిచ్చాను, ఇంకా వాడుతున్నారు. పసుపుకొమ్ముతో వేసిన రంగు ఎండకు అసలు ఆగదు. పైగా దానికి సబ్బు తగిలితే ఎర్రబడుతుంది.

కాబట్టి ఆ రెండు కిటికీలకు మూడు దారులున్నాయి. ప్రింటు లేకుండా, నూలుకే రంగు వేసి నేసిన గళ్ల బట్టో చారల బట్టో తీసుకోవడం ఒకటి. పాలియెస్టర్ కర్టెన్ వేసుకోవడం ఇంకొకటి. పడుకునే బట్టకు పాలియెస్టర్ నాకు ఇష్టం లేదు గానీ, ఎండ కాచే కిటికీకి అది పనికొస్తుంది, దాని రంగులు ఎండను బాగా తట్టుకుంటాయి. మూడోది, మీకు అచ్చు బట్టే కావాలని మనసుంటే వెనక తెల్లటి లైనింగ్ బట్ట వేసి కుట్టించండి, ఆకుపచ్చ, పసుపు లేని ఎరుపు నలుపు డిజైన్ ఎంచుకోండి. హోల్‌సేల్‌గా కొనేవాళ్లయితే ఎండకు రంగు నిలిచే గ్రేడు అడగవచ్చు. అది 1 నుంచి 8 దాకా ఉంటుంది, కర్టెన్‌కు 5 కన్నా తక్కువైతే నేను తీసుకోను.

దుప్పట్ల దగ్గర మెషీన్ వైపు మొగ్గడానికి ఇంకో కారణం ఉంది. డబుల్ కాట్ దుప్పటి 90 అంగుళాల వెడల్పు, 108 అంగుళాల పొడవు ఉంటుంది. మిల్లులో అంత వెడల్పు బట్ట ఒకటే ముక్కగా వస్తుంది. చేతి అచ్చులో రెండు తక్కువ వెడల్పు బట్టలు మధ్యలో అతికినవి కూడా అమ్ముతారు. రోజూ పడుకుంటే ఆ కుట్టు వీపుకు తగులుతుంది. పిల్లలున్న ఇంట్లో దుప్పటి వారానికి రెండుసార్లయినా ఉతుక్కి పడుతుంది, పాలు, పప్పు, ఇంకేమైనా పడొచ్చు. అంత ఉతుకుకు అచ్చు బట్టను గురిచేయడం ఆ పనివాళ్ల కష్టాన్ని పారబోయడమే.

అయితే ఆన్‌లైన్‌లో నెమళ్లు, గులాబీలతో మెరిసే ‘త్రీడీ’ దుప్పట్ల జోలికి పోకండి. ‘గ్లేస్ కాటన్’ అని రాసినవి కూడా ఎక్కువగా పాలియెస్టరో, పాలియెస్టర్ కలిసినవో. ఆ మెరిసే బొమ్మ పడేది పాలియెస్టర్ మీదే. కాగితం మీద వేసిన రంగును 200 డిగ్రీల వేడితో బట్టలోకి ఎక్కిస్తారు, అది కాటన్ మీద నిలవదు. రంగు బాగానే ఉంటుంది గానీ మన ఉక్కపోతలో, ముఖ్యంగా సముద్రం దగ్గరి ఊళ్లలో, చెమట పీల్చదు. పసిపిల్లలకు చెమటకాయలు దాంతో ఎక్కువవుతాయి. అనుమానముంటే ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలితే కాటన్. కరిగి గట్టి ఉండలా మిగిలితే పాలియెస్టర్.

కొనే ముందు రెండు నిమిషాల పరీక్ష: తెల్ల జేబురుమాలు తడిపి పిండి, బట్టలో అన్నిటికన్నా ముదురు రంగున్నచోట పదిసార్లు గట్టిగా రుద్దండి. రుమాలుకు లేత నీడలా అంటితే పర్వాలేదు, ముదురు నీలిమందు, నలుపు ఎంతో కొంత వదులుతాయి. మచ్చలా అంటితే వదిలేయండి. రుద్దుకోనివ్వని షాపులో కొనకండి.

ఉతకడం గురించి. రియాక్టివ్ మెషీన్ ప్రింటును నిశ్చింతగా వాషింగ్ మెషీన్‌లో వేయండి, మొదటి రెండుసార్లు విడిగా, తిరగేసి, చల్లనీళ్లలో. అచ్చు బట్టను మాత్రం మొదట వట్టి నీళ్లలో జాడించి, తర్వాత కుంకుడు రసంతోనో, ఘాటు లేని లిక్విడ్‌తోనో చేత్తో ఉతికి నీడన ఆరేయండి. ఘాటైన సబ్బుపొడి, బ్లీచ్, బ్రష్షు వద్దు. నానబెట్టి మర్చిపోవద్దు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు గట్టిపడుతుందన్నది నిజం కాదు. రంగు వేసే తొట్టిలో ఉప్పు ఉపయోగపడుతుంది, వేసేసిన రంగును అది పట్టి ఉంచదు. పండించని పిగ్మెంట్‌నూ కడగని రియాక్టివ్‌నూ ఇంట్లో ఉప్పో వెనిగరో బాగుచేయలేవు. వానాకాలంలో అచ్చు బట్టలకు గంజి పెట్టి బీరువాలో దాచకండి, మన తేమకు బూజు పడుతుంది.

కొందరు పొందూరు ఖద్దరు మీద అచ్చు వేయించి కర్టెన్లు కుట్టమని అడుగుతారు. వద్దని చెబుతాను. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, చేత్తో వడికిన అంత సన్నని నూలు ఒంటి మీద కట్టుకోవడానికి. కిటికీకి వేలాడదీస్తే ఎండకూ ఉప్పుగాలికీ తొందరగా చివికిపోతుంది. అచ్చుకు కాస్త మందపాటి, మామూలు కాటన్ చాలు.

చివరిగా కొలతలు. కర్టెన్‌కు కిటికీ వెడల్పుకు దాదాపు రెట్టింపు బట్ట ఉంటేనే మడతలు అందంగా పడతాయి. ఆరడుగుల కిటికీకి 46 అంగుళాల వెడల్పు బట్ట మూడు పట్టీలు పడుతుంది. పొడవులో పైన, కింద మడతలకు ఒక అడుగు కలుపుకోండి. అచ్చు కాటన్ నూటికి మూడు నుంచి ఐదు దాకా కుంచించుకుపోతుంది, కాబట్టి కుట్టించే ముందే ఒక రాత్రి నీళ్లలో ఉంచి ఆరబెట్టండి. అచ్చు బట్ట ఒక లాటుకూ ఇంకో లాటుకూ రంగు తేడా వస్తుంది. ఒక పట్టీకి సరిపడా ఎక్కువ తీసుకుని ఒకేసారి కొనండి, ఆర్నెల్ల తర్వాత అదే ఎరుపు కావాలంటే ఎవరూ ఇవ్వలేరు. మీ దివాన్ కొలతలు, లోపలి గుమ్మాలు ఎన్ని, వాటిలో ఎండ పడనివి ఏవో ఇక్కడ రాస్తే ఎన్ని మీటర్లు కావాలో లెక్కకట్టి చెబుతాను.